పలాస గాలిలో తిరిగిన గోళీ

ఆవగింజలో సగం ఉండేది మా గోళీ. నల్లగా, అద్దంలా మెరుస్తూ, వేలి మీద పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలిసేది కాదు. దాని కోసం నేను పడ్డ తిప్పలు ఎవరికైనా చెప్పబోతే, మేడమ్ మళ్ళీ మొదలెట్టిందని నవ్వుతారు. ఆ నవ్వులో నా వాటా లేదని అనను. టెక్కలిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం మొదలెట్టిన దగ్గర్నుంచీ నా క్లాసులో నిజాల పక్కనే కథలు కూడా కూర్చుంటాయి. పూర్వం బారువ రేవుకి వచ్చిన ఓడల దిక్సూచి ముల్లు ఉత్తరం వదిలేసి మా ముత్తాత జీడితోట వైపు తిరిగిపోయేదనీ, ఆ తోటలో పడ్డ ఉల్క మీద కూర్చుని ఆయన చుట్ట కాల్చుకునేవాడనీ ఒకసారి చెప్పాను. పిల్లలు ఆ ఉల్కని చూడ్డానికి తోట ఉన్న జలంత్రకోట దాకా వెళ్ళారు. ఉల్కని తుఫాను ఎత్తుకుపోయిందని చెప్పాల్సి వచ్చింది. అదీ నమ్మారు.

గోళీ విషయంలో మాత్రం కథేమీ లేదు. యిట్రియం, ఇనుము, ఆక్సిజన్ కలిసిన స్ఫటికం అది. గార్నెట్ల వంశం. బారువ ఒడ్డున ఇసుకలో ఎర్రగా మెరిసే గింజలు కూడా గార్నెట్లే, దీనికి దూరపు చుట్టాలు. ల్యాబుల్లో ముద్దుగా యిగ్ అంటారు. దాని లోపల లెక్కలేనన్ని బుల్లి అయస్కాంతాలు ఒకే వైపు మొహం పెట్టి నిలబడి ఉంటాయి. ఒకదాన్ని కాస్త వంచితే పక్కది వంగుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. మా చర్చిలో పాట మొదలవగానే ముందు బెంచీ వాళ్ళు లేస్తారు, ఆ లేవడం ఒక్కో బెంచీ దాటుకుంటూ వెనక గోడ దాకా పోతుంది చూడండి, అలాగ. ఆ పోయేదాన్నే స్పిన్ వేవ్ అంటారు.

ఈ ఊపుని ఒక రాగి డబ్బాలో మైక్రోవేవ్‌తో కలపొచ్చు. ఆ మైక్రోవేవ్ ద్వారా క్యూబిట్‌తో, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌కి ఇటుక లాంటి దానితో, మాట్లాడించొచ్చు. రెండు వేర్వేరు జాతుల వస్తువులు ఒక జంటగా ఊగుతాయి. అందుకే హైబ్రిడ్ అన్నారు. ఈ పనికి యిగ్ కావాలని అందరూ ఎందుకు వెంటపడతారంటే, దీంట్లో ఊపు తొందరగా చావదు. మంచి గంట కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది కదా. గంట మీద చెయ్యి వేస్తే టక్కున చచ్చిపోతుంది. కంప్యూటర్ తెర మీద ఆ తేడా గీతలో కనిపిస్తుంది. మోత నిలిచేదైతే గీత ముల్లులా సన్నగా దిగుతుంది. చచ్చేదైతే తాటిముంజలా వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది. నా వేసవంతా తాటిముంజలే.

దూరంగా ఒక పెద్ద నగరంలో, అతి చల్లటి ఫ్రిజ్ ఉన్న ల్యాబు నడిపే మేడమ్ ఒకావిడ ఉన్నారు. గోదావరి జిల్లా మనిషి, మాట నెమ్మది. వర్షాలు పడే ముందు వాళ్ళు ఫ్రిజ్ మూత బిగించి చల్లబరచడం మొదలెడతారు. ఒకసారి బిగిస్తే నెలల తరబడి తెరవరు. అందులో ఒక గోళీకి చోటుంది. మామూలుగా విదేశాల నుంచి కొన్న గోళీ పెడతారు. మీది సన్నటి గీత ఇస్తే మీదే పెడతామండీ అని ఆవిడ మాట ఇచ్చారు. మా కాలేజీకి మంచినీళ్ళ కుళాయి వస్తేనే పండగ చేసుకుంటాం. అలాంటి చోట పుట్టిన గోళీ ఆ ఫ్రిజ్‌లోకి వెళ్ళడమంటే ఏమిటో నాకూ, ఇంకొక మనిషికీ తప్ప ఎవరికీ పట్టలేదు.

ఆ ఇంకొక మనిషి మా బావ, అక్క మొగుడు. ఇల్లు పూండి. పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. పప్పు మీద పొట్టు ఊదడానికి అక్కడ పెద్ద ఎయిర్ కంప్రెసర్ ఉంది. స్ఫటికాన్ని చిన్న ఘనాలుగా కోశాక గోళీ చెయ్యాలంటే, లోపల గరుకు కాగితం అంటించిన గిన్నెలో వేసి గాలి కొట్టాలి. అది గిరగిరా తిరుగుతూ తన మూలలు తనే అరగదీసుకుంటుంది. కాగితం మార్చుకుంటూ పోతే చివరికి అద్దమవుతుంది. కాలేజీలో కంప్రెసర్ అడిగితే సైకిల్ పంపు చూపించారు. బావని అడిగాను.

"ఏటే మరదలా, గేదెని కట్టీ తాడుతో సీమని కడతానంతన్నావు," అన్నాడు. అని, ఆ సాయంత్రమే గిన్నె బిగించేశాడు. గాలిలో నూనె రాకుండా ఫిల్టర్లు కూడా తనే కొన్నాడు. నేను ఇచ్చిన ఘనాల్లో చాలావరకు గిన్నెలోనే పెచ్చులూడిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. అది గుండ్రంగా తేలిన రోజున బావ దాన్ని భూతద్దంలో చూసి చూసి, ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్ళందరికీ చూపించి, ఇది పలాస గాలి పోసుకున్నాది, దీనికి దిష్టి తగల్రాదని మూతలో దాచేశాడు.

మొదటిసారి కొలిచింది శుభ శుక్రవారం నాడు. శిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. నాదీ ఉపవాసమే, బావదీ ఉపవాసమే. చర్చి నుంచి అలాగే టెక్కలి వచ్చి ల్యాబు తెరిచాం. సెలవు, పిట్ట లేదు. సన్నటి పుల్ల చివర రవ్వంత గ్రీజు పెట్టి, గోళీ అంటించి, రాగి డబ్బాలో దించి, రెండు పెద్ద అయస్కాంతపు ధ్రువాల మధ్య పెట్టాను. తెర మీద గీత దిగింది, ముల్లులా. బావకి అదేమిటో తెలీదు. నా మొహం చూసి నవ్వాడు. మేడమ్‌కి ఫొటో పంపితే, చాలా బాగుందండీ, ఇంకో మూడుసార్లు ఇలాగే రానివ్వండి, చాలు అన్నారు.

ఆ మూడుసార్లే రాలేదు.

మామూలు రోజుల్లో ఆ ల్యాబు పిల్లలది. నాకు శనివారం మధ్యాహ్నం మాత్రమే దొరికేది. శనివారం బావ స్కూటర్ మీద గోళీ పట్టుకుని వచ్చేవాడు, దాంతోపాటు అక్క కట్టిచ్చిన మురీల మూట, అంటే మరమరాలు. అక్క మురీలు ఇంట్లోనే వేయిస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప, జీడిపప్పు ముక్కలు, ఆవాల పోపు వేసి కలుపుతుంది. దారిన పడి వచ్చిన మనిషితో కలిసి ఒకే కాగితం మీద చెయ్యి పెట్టి తినకుండా పని మొదలెట్టే అలవాటు మా రెండిళ్ళలోనూ లేదు. అయస్కాంతం పక్కనున్న బల్ల మీద పేపరు పరిచి తినేవాళ్ళం. చేతులు దులుపుకుని పని మొదలెట్టేవాళ్ళం. తాటిముంజ దిగేది.

తాటిముంజ వచ్చినప్పుడల్లా గోళీ మీద ఏదో గీటు పడిందనుకుని మళ్ళీ పలాస పంపేదాన్ని. మళ్ళీ గిన్నె, మళ్ళీ గాలి. పంపినప్పుడల్లా అది వెంట్రుకంతైనా అరిగేది. బావకి ఒళ్ళు మండేది. ఇలాగైతే ఆకరికి గాలి మిగుల్తాది, దాన్నే సీసాలో పెట్టి పంపు మీ మేడమ్‌కి అనేవాడు. నాకు మాత్రం సరదాగా ఉందా? వారమంతా పిల్లలకి ఓమ్ సూత్రం చెబుతున్నా కళ్ళ ముందు ఆ వెడల్పు గీతే.

మేడమ్ ప్రతి సోమవారం ఫోన్ చేసి ఎందుకలా అవుతోందండీ అని మెత్తగా అడిగేవారు. తెలీదండీ అనొచ్చు. ఆ మాట నా నోట్లో ఎందుకో పుట్టదు. ఎదుటి మనిషి ఎందుకని అడిగాక నా నోరు ఊరుకోదు, ఎక్కణ్ణుంచో ఒక కారణం లాక్కొస్తుంది. దానికి చేతులూ కాళ్ళూ పెట్టి నిలబెడుతుంది కూడా.

మొదట కాలేజీ ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపు మీద నెపం పెట్టాను. ఆ షాపాయన మా సంఘం మనిషే. శుభ శుక్రవారం కట్టేశాడు, గీత సన్నగా వచ్చింది. శనివారాలు తీస్తాడు, కరెంటు కుదుపులకి మా అయస్కాంతం వణుకుతోంది. వినడానికి ఎంత బాగుందో చూడండి. బావ పోయి ఆయన కాళ్ళా వేళ్ళా పడి రెండు శనివారాలు మధ్యాహ్నం పూట షాపు మూయించాడు. తాటిముంజ అలాగే ఉంది. వెల్డింగ్ ఆయన ఇప్పటికీ నాకు చర్చిలో మొహం తిప్పుకుంటాడు. ఆ తర్వాత ఇనుప ఖనిజం మోసుకెళ్ళే గూడ్సు బళ్ళ మీద పెట్టాను. బండి పోతుంటే మా గోళీ అటు తల తిప్పుతోందని చెప్పాను. మేడమ్ బళ్ళ వేళలు రాసుకుని చూడండి అన్నారు. చూశాను. బండి ఉన్నా లేకపోయినా అదే గీత. ఇక సముద్రపు గాలి మిగిలింది. ఉద్దానం గాలిలో ఉప్పు ఎంతంటే, మా ఊళ్ళో కూర వండేటప్పుడు కిటికీ తెరిస్తే చాలు, వేరే ఉప్పు వెయ్యనక్కర్లేదన్నాను. ఆవిడ నవ్వలేదు. తేమ పీల్చే పొట్లాలు డబ్బాడు పంపించారు. అవన్నీ రాగి డబ్బా చుట్టూ పేర్చి కొలిచాను. పొట్లాల మధ్య తాటిముంజ.

చివరికి ఆవిడ గొంతులో మెత్తదనం పోలేదు గానీ, అందులోంచి ఏదో తీసేసినట్టయింది. ఆదివారం మూత బిగిస్తున్నామండీ, శనివారం లోపు చెప్పండి అన్నారు. ఇంక కారణం అడగలేదు.

ఆ శనివారం బావ వచ్చేసరికి కరెంటు లేదు. ల్యాబు ఉడికిపోతోంది. మురీలు తినేశాం, సగం మిగిలాయి. కరెంటు వచ్చేలోపు గోళీని పుల్లకి అంటిద్దామని చిన్న కాగితం మీద పెట్టి, పుల్ల మీద గ్రీజు రాస్తున్నాను. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. స్విచ్ ఎవరూ ఆపలేదు కాబోలు, నెత్తి మీద ఫ్యాను విసురుగా తిరిగింది. కాగితం లేచింది. గోళీ ఎగిరి మురీల్లో పడింది.

ఇద్దరం కదల్లేదు. ఊపిరి పీలిస్తే ఎటు పోతుందోనని. బావ ఒంగి చూసి, "ఆవాలే, అన్నీ ఆవాలే," అన్నాడు.

నిజమే. అక్క పోపులో చెయ్యి ధారాళం. చిన్నవీ పెద్దవీ, నల్లగా, గుండ్రంగా, నూనెతో మెరుస్తూ పేపరు నిండా ఆవాలు. వాటిలో ఏది గోళీ? నాకు ఏడుపొచ్చింది. వేసవంతా ఒక ఎత్తు, ఆ పేపరు ఒక ఎత్తు. బావ నా వైపు చూడకుండా ఫ్యాను ఆపి, "మాగ్నెట్ ఎట్టు. జీడిపిక్కల సంచుల్లోంచి మేకులు తియ్యడానికి మాం అదే సేత్తాం. ఆవాలు దానికి అంటవు, నీ గోళీ గుంట అంటుకుంటాది," అన్నాడు.

నాకే తట్టాల్సిన మాట. ఏడుస్తూ కూర్చుంటే తట్టదు. పిల్లల ల్యాబులోంచి బార్ మాగ్నెట్ తెచ్చి, కాగితం చుట్టి, మురీల మీద మెల్లగా, తాకీ తాకనట్టు తిప్పాను. పైకెత్తి చూస్తే దాని చివర ఒక గోళీ కాదు, గడ్డం ఉంది. నల్లగా, ముళ్ళు ముళ్ళుగా, నలుసు ఇసుక గడ్డం.

"ఇదేటి?" అన్నాడు బావ.

"ఇసక."

"మురీల్లోకి ఇసకెక్కడిది?" అన్నాడు, అని తనే ఆగిపోయాడు.

మురీలు ఇసుకలోనే వేగుతాయి. మూకుట్లో ఇసుక బాగా కాలాక నానబెట్టిన బియ్యం పోస్తే పొంగుతాయి, జల్లెడ పట్టి తీస్తారు. అందరికీ తెలిసిందే. అక్క ఏ ఇసుకా వాడదు, బారువ ఒడ్డున అలలు చారలు చారలుగా వదిలిపోయే నల్ల ఇసుకే తెప్పించుకుంటుంది. బరువు, వేడి నిలుపుకుంటుంది, అందులో ఏగితేనే మురీ పువ్వులా ఇచ్చుకుంటాదని ఆవిడ అత్తగారు నేర్పిన పద్ధతి. ఆ నలుపు ఇనుము నలుపు. ఎంత జల్లెడ పట్టినా మురీ ముడతల్లో నలుసులు ఉండిపోతాయి, పంటికి కూడా తెలియవు. మేం ఆ చేతులతోనే గ్రీజు ముట్టుకున్నాం. అదే పుల్ల పట్టుకున్నాం. అదే బల్ల మీద, ఆ అయస్కాంతం పక్కనే, వారం వారం పేపరు దులిపాం. గంట మీద చెయ్యి పెట్టింది వెల్డింగ్ షాపూ కాదు, గూడ్సు బండీ కాదు. శుభ శుక్రవారం నాడు సన్నగా ఎందుకు వచ్చిందంటే, ఆ రోజు మాకు తిండి లేదు.

టార్చి వేసి అయస్కాంతపు ధ్రువాల అంచులు చూశాను. సన్నటి నూగు. చీకటి సందులో నల్ల ఇనుము మీద నల్ల నలుసు, ఎవరికి కనిపిస్తుంది? నాకు కనిపించాలి, నా పని అదే. ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎదురుగా బావ ఒక్కడే ఉన్నాడు, ఆయన మీద చెయ్యి చేసుకోలేం.

అయినా ముందు గోళీ దొరకాలి. గడ్డాన్ని కాగితంతో సహా విప్పి ఒక గాజు పలక మీద దులిపాను. ఇప్పుడు ఆవాలు లేవు, ఇసుకా గోళీ ఉన్నాయి. బావ పలక అందుకుని, చాటలో నూక చెరిగే అక్క చెయ్యి గుర్తొచ్చేలా, రవ్వంత వాల్చి వేలితో అంచు మీద తట్టాడు. ఇసుక అక్కడక్కడే ఆగింది. ఒక్క చుక్క మాత్రం జారి, తిన్నగా దొర్లుకుంటూ అంచు దాకా వచ్చింది. నేను అరచెయ్యి పెట్టాను.

సబ్బు వేసి మోచేతుల దాకా కడుక్కున్నాం. టేపు ముక్కలు అంటించి అంటించి ధ్రువాల మీద నూగంతా తీశాను. పాత గ్రీజు పారేసి, కొత్త పుల్ల తీసి, గోళీని స్పిరిట్‌లో ముంచి, అంటించి, దించాను. మురీల మూట బావ వరండాలో పెట్టి వచ్చాడు. పాపం దాని మొహమైనా చూడలేదు.

గీత దిగింది. శుక్రవారం నాటి ముల్లు. దానికంటే కూడా కాస్త సన్నం.

వెంటనే ఫొటో పంపి మేడమ్‌కి ఫోన్ చేశాను. అవతల ఏవో బిగిస్తున్న చప్పుళ్ళు. ఆవిడ ఫొటో తెరిచి చూశారు. ఆ తర్వాత, "ఇంతకాలం రానిది ఇవాళ ఎలా వచ్చిందండీ?" అన్నారు.

ఈ ఒక్కసారి నాకు కారణం తెలుసు. మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. అక్క, మూకుడు, బారువ ఇసుక, పోపు, ఉపవాసం, ఫ్యాను, గడ్డం. చెబుతుంటేనే నాకు నా గొంతు వినిపిస్తోంది. క్లాసులో ఉల్క గురించి చెప్పిన గొంతే. ఇంకో గొంతు నా దగ్గర లేదు.

ఆవిడ నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వారు. "మేడమ్, మీ కథలంటే నాకిష్టమండీ, నిజంగా. ఇది అన్నింట్లోకీ బాగుంది. కానీ ఒక్క గీత చూసి మీ గోళీని నేను మూత కింద పెట్టలేను. మూడు వస్తే పెట్టేదాన్ని. రేపు బిగించేస్తున్నాం."

రాత్రంతా కూర్చుని మిగతా రెండూ తీసి పంపుతానన్నాను. గోళీ ఇక్కడికి చేరడానికి కూడా టైం కావాలి కదండీ, ఈసారికి కొన్నదే పెట్టేస్తాం, మీరేం అనుకోకండి అని, వచ్చేసారి చూద్దామని కూడా అనకుండా పెట్టేశారు. ఆవిడ తప్పు కాదు. నేనైనా అంతే చేస్తాను. వెల్డింగ్ షాపుని నమ్మారు, గూడ్సు బళ్ళని నమ్మారు, కిటికీలోంచి కూరలో పడే ఉప్పుని కూడా నమ్మి పొట్లాలు పంపారు. నిజం చెప్పేవేళకి ఆవిడ దగ్గర నమ్మకం అయిపోయింది.

బావ అంతా విన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, తెర మీద ఇంకా అలాగే నిలబడి ఉన్న ముల్లుని చూస్తూ, "నీకు నిజం సెప్పడం సేతకాదే మరదలా," అన్నాడు. "ఎప్పట్లాగే ఏదో అబద్ధం సెప్పీసుంటే మీ మేడమ్ నమ్మీసేది."

అనడానికి ఏం దొరికినా అది కూడా కథలాగే ఉండేది.

అక్కకి ఆ సాయంత్రమే చెప్పాం. ఆవిడ ఒప్పుకోలేదు. తన ఇసక మీద ఇంతవరకు ఎవరూ మాట అనలేదని, మా గోళీకి తిండి పడకపోతే అది దాని జబ్బని తేల్చేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాలేజీలో ప్రిన్సిపాల్ అడిగితే ఆయనకీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన స్టాఫ్ రూమ్‌లో అందరినీ పిలిచి, మేడమ్‌ది కొత్తది వినండి అన్నాడు.

ఫ్రిజ్ ఇప్పుడు అక్కడ చల్లగా ఉంది, లోపల ఎవరిదో గోళీ ఊగుతోంది. ఎప్పుడు తెరుస్తారో నాకు చెప్పలేదు. నేను ప్రతి శనివారం ల్యాబు తెరుస్తూనే ఉన్నాను. బావ పలాస నుంచి వస్తూనే ఉన్నాడు, గోళీ పంపాల్సిన పని లేకపోయినా. మూట వరండాలో విప్పుతాడు, లోపలికి రానివ్వను. నేను కడిగిన చేతులతో కొలుస్తాను. వచ్చిన గీతని మేడమ్‌కి పంపుతాను, కింద ఒక్క మాట కూడా రాయకుండా.

కిటికీ అవతల నుంచి నమలడం ఆపి అడుగుతాడు. "ఎలగున్నాది?"

"సన్నగానే ఉంది బావా."

"పంపీసినావా?"

"పంపీసినాను."

"ఏటీ రాయలేదు కదా?"

"రాయలేదు."

మళ్ళీ నమలడం మొదలెడతాడు.